కొండవీటి కోటలో ఒక పగలు

కొండవీటి పేరు వినని తెలుగువారు అరుదు. విన్నవారిలో ఆ కొండ నెక్కినవారు మాత్రము కొలదిమందియే. గుంటూరుకు పడమరగా, నేటి పల్నాడు జిల్లాలో నున్న ఈ దుర్గమును ఒక్క పగటిలో చూచి మరలవచ్చును. ఇప్పుడు కొండపైకి ఘాట్ రోడ్డు కలదు. అయినను కోటను కోటగా ఎరుగవలెనన్న కాలినడకయే మేలని తలచి, మేము నలుగురము శీతకాలమున ఒకనాడు, తెల్లవారకమునుపే పాత కాలిబాట పట్టితిమి.

ఎక్కినకొలది ఈ తావును ఎన్నుకొన్నవారి యుక్తి మాకు బోధపడినది. మలుపు మలుపునను పైనున్నవానికి క్రిందివాడు కనబడును. క్రిందివానికి రాళ్ళును పొదలును తప్ప మరేమియు కనబడదు. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా స్థాపించిన రాజ్యమునకు, ఆయన కుమారుడు అనవోతారెడ్డి కొండవీటిని రాజధాని గావించెను. పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథుడు విద్యాధికారియై యుండెను. రెడ్ల పిదప గజపతులు, 1515లో వారినుండి శ్రీకృష్ణదేవరాయలు, అటు తరువాత గోలకొండ సుల్తానులు దీనిని వశపరచుకొనిరి.

ఇందరు కోరిన ఈ కోటకు ప్రాణమేది? గోడలని మేమును అనుకొంటిమి. పైకి చేరి ముత్యాలమ్మ చెరువు గట్టున చద్దిమూట విప్పినప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. కొండమీద వాననీటిని నిలిపిన చెరువులు మూడు కలవు. గోడ ఎంత బలమైనదైనను దాహమును ఆపలేదు. ఆ నీరే లేకున్న ముట్టడినాడు ఇచ్చట నిలువగలవా డెవడు?

కొంత దూరమున ఒక మండపము ప్రక్క క్రొత్తగా త్రవ్విన గొయ్యి కనబడినది. పునాదిరాయి పెల్లగింపబడి ప్రక్కకు ఒరిగియున్నది. అక్కడ మేకలు మేపుకొనుచున్న ముసలివానిని అడిగితిమి. "పగలు చూసేవాళ్ళు వస్తారు బాబూ, రాత్రిళ్ళు తవ్వేవాళ్ళు వస్తారు. ఇద్దరూ ఏదో ఒకటి పట్టుకుపోతారు" అని అతడు నవ్వెను. మాలో ఒకరు అంతకుముందే ముచ్చటపడి, ఒక చెక్కడపు రాతిముక్కను సంచిలో వేసికొనియుండిరి. ఆయన మారుమాటాడక వెనుకకు నడచి, దానిని తీసిన చోటనే ఉంచి వచ్చిరి. మేమెవరమును ఆయనను ఏమియు అనలేదు. వలదని చెప్పనందుకు మాకును పాలు కలదు గదా!

పది రూపాయల విలువను మించిన నిధి భూమిలో దొరికినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము శాసించినది. రాతిముక్కకు అంత వెల ఎవరును కట్టకపోవచ్చును. కాని ఆ రాయి తన చోట నున్నంతవరకే అది గుమ్మమో, గోడయో, గుడియో చెప్పగలదు. చోటు తప్పిన పిదప అది వట్టి రాయి.

కోటలు చూడబోవువారు వలసినంత నీరు వెంట గొనిపోవలెను. బీటలువారిన గోడలెక్కరాదు, ప్రొద్దు క్రుంకకముందే దిగిరావలెను. తిరిగివచ్చునప్పుడు సంచి తడిమి చూచుకొనవలెను. అందులో ఖాళీ నీటిసీసాలు తప్ప మరేమియు లేకున్న, ఆ యాత్ర సఫలమైనట్లే.