గంగిరెద్దు తల యూపుట – జంతుబుద్ధిని గూర్చిన శాస్త్రచర్చ
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



సంక్రాంతి దినములలో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల గ్రామములకు గంగిరెద్దులవారు వచ్చుట అందఱు నెఱిగినదే. "అయ్యగారికి దండము పెట్టు" మనగా బసవన్న ముంగాళ్లు వంచును. "అమ్మగారు చీర పెట్టునా?" యనగా తల యూపును. ఆ యెద్దునకు ఆ మాట తెలిసినదా? తెలిసినదని పిల్లలందురు. పెద్దలు నవ్వి చాటెడు వడ్లు పోయుదురు. ఐరోపా పండితులు ఈ ప్రశ్నపైననే ఇంచుమించు నాలుగు శతాబ్దులుగా వాదించుచున్నారు.

1637లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు జంతువులు యంత్రముల వంటివని వ్రాసెను. 1871లో డార్విను, మనుష్యుని బుద్ధికిని ఉన్నత జంతువుల బుద్ధికిని గల భేదము ఎక్కువతక్కువలదే గాని వేఱు జాతిది కాదని వాదించెను. ఆయన ననుసరించిన రొమేన్సు 1882లో జంతువుల తెలివిని దెలుపు కథలనెన్నింటినో ప్రోగుచేసి గ్రంథము వెలువరించెను. అందు విన్న కథలే హెచ్చు. కావున 1894లో లాయిడ్ మోర్గాను ఒక కట్టుబాటు విధించెను: చిన్న శక్తితో జరుగు పనికి పెద్ద బుద్ధిని ఆరోపింపరాదు.

ఆ కట్టుబాటు విలువ బెర్లినులో తేలెను. ఫాన్ ఓస్టెన్ అను విశ్రాంత ఉపాధ్యాయుడు తన గుఱ్ఱము హాన్సునకు లెక్కలు నేర్పితినని చెప్పెను. మూడును నాలుగును కలిపిన నెంతయని యడిగిన, అది ఏడుమార్లు గిట్ట తట్టెడిది. 1904లో విచారించిన సంఘమువారు మోసము లేదనిరి. నిజముగా మోసము లేదు. పిదప ఆస్కార్ ఫుంగ్స్ట్ అను పరిశోధకుడు, జవాబు తెలియనివానిచే ప్రశ్న అడిగించి చూచెను, గుఱ్ఱము తప్పెను. అడుగువాడు దానికి కనబడకుండ చేసి చూచెను, మరల తప్పెను. సరియైన సంఖ్య రాగానే అడుగువాని తల, అతనికే తెలియక, వెంట్రుకవాసి పైకి లేచెడిది. అది చూచి హాన్సు ఆగెడిది! 1907లో ఈ ఫలితము గ్రంథరూపమున వెలువడెను. ఓస్టెన్ దాని నంగీకరింపకయే 1909లో మరణించెను.

లోకము హాన్సును నవ్వి విడిచెను. అది తొందరపాటు. లెక్కరాని గుఱ్ఱము, విద్వాంసుల సంఘమునకు కానరాని కదలికను కనిపెట్టెను గదా! ఆ విద్యను విద్యగా పరీక్షించుటకు చాలకాలము పట్టెను. 2002లో బ్రయన్ హేర్ బృందము ప్రకటించిన పరిశోధనయందు, ఆహారము దాచిన పాత్రను మనుష్యుడు సైగతో చూపగా, కుక్కలు చింపాంజీలకంటె బాగుగా గ్రహించెను. మనుష్యులతో అంతగా మెలగని కుక్కపిల్లలు సైతము గ్రహించెను. దీనిపైనను వాదములు లేకపోలేదు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణము రచించెను. ఆతని పేరులోని పాలకుర్తి నేడు జనగామ జిల్లాలోనిది. ఈ సీమలో బసవన్నను ఆడించువాడు బెర్లిను ఉపాధ్యాయుని కంటె ఒక విషయమున మేలు. ముకుతాడు, డోలు దెబ్బ, గొంతు, చేతి సైగ, వీనిలో దేనికి ఎద్దు కదలునో అతడెఱుగును. అది యతని జీవనవిద్య. ఓస్టెన్ తన సైగను తానే యెఱుగడు. డోలు ఆపించి, ఆడించువాని యనుమతితో, గోడచాటున నిలిచి పరాయివాడొకడు అదే మాట పలికినచో ఆ తల యూగునో లేదో, వచ్చు సంక్రాంతికి చూచుట కష్టము గాదు.