పగిలిన ట్యూబు, కోలాఘాట్ బూడిద
(మన సంఘం ఖరగ్‌పూర్ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇ.ఎం.ఇ.లో సుబేదారుగా రిటైరయ్యాను. అక్కడ ఒక వస్తువుని 'బి.ఇ.ఆర్.', అంటే బాగుచేస్తే గిట్టుబాటు కాదు అని రాయాలంటే బోర్డు కూర్చోవాలి, సంతకాలు పడాలి. ఇంట్లో ఆ బోర్డు లేదు. బుట్టలో పడేస్తే సరి!

ఇనుము సంగతి ఈ ఊళ్ళో చెప్పనక్కరలేదు. పట్టా ముక్క గంటయింది, కంచె స్తంభమయింది. మా నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. ఆవిరి ఇంజన్ల బూడిదలో సగం కాలిన బొగ్గు ఏరుకుంటే మా వీధి పొయ్యిలు వెలిగేవి. మిగిలిన గరుకు బూడిద వానాకాలం వాకిట్లో పరిచేవాళ్ళం.

ఇప్పటి బూడిద కోలాఘాట్ థర్మల్ కేంద్రానిది. ఫ్లై యాష్ కుళ్ళదు, కాలదు, గాలికి లేస్తే ఊపిరితిత్తులకి చేటు. దాని వాడకం మీద కేంద్రం 1999లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఇసుక, సున్నమో సిమెంటో కలిపి అచ్చులో ఒత్తితే ఇటుక. బట్టీ అక్కర్లేదు, పొలం మట్టీ అక్కర్లేదు. మా ప్రహరీకి వచ్చిన మొదటి లోడు మూలలు చేత్తోనే రాలాయి. మేస్త్రీ నవ్వాడు. తప్పు బూడిదది కాదు, తడిపి ఆరనివ్వకుండా పచ్చిగా అమ్మారు. రెండోసారి నాలుగు ఇటుకలు రాత్రంతా నానబెట్టి, ఒకదానితో ఒకటి కొట్టి చూశాకే లోడు దింపించాను. ఆ గోడ నిలిచే ఉంది.

గాజు దగ్గర మాత్రం తప్పు నాదే. పగిలిన ట్యూబులైటు న్యూస్‌పేపర్లో చుట్టి చెత్తలో వేశాను. మా వీధి ఊడ్చే ఆమె శ్రీకాకుళం వైపు మనిషి. అరచేతికి మూడు కుట్లు పడ్డాయి. "కాయితంలో ఏటున్నాదో నాకేటి తెలుస్తాది, సుబేదారు బాబూ" అంది. తిట్టినా బాగుండేది. సర్వీసంతా పెట్టె పెట్టెకీ 'ఖతరా' అని రాయించినవాణ్ణి, ఆ పొట్లం మీద ఏమీ రాయలేదు.

సీసా గాజు ఎన్నిసార్లైనా కరిగించవచ్చు. ట్యూబులో పాదరసం ఉంటుంది, కొద్ది మిల్లీగ్రాములే గాని పగిలితే గాల్లో కలుస్తుంది. అందుకే 2016 ఈ-వేస్ట్ నియమాల్లో వాటినీ చేర్చారు. మన కబాడీవాడు ముట్టుకోడు. సియాచిన్ నుంచి మన జవాన్లు 2018, 2019లలో సుమారు 130 టన్నుల చెత్త దించారు. మనకి మేడ మీంచి ఒక ట్యూబు దించడం బరువా?

మా వరండాలో మూతున్న డ్రమ్ము పెట్టాను. పాత ట్యూబులు పగలకుండా అట్టతో సహా తెచ్చివ్వండి, అనుమతి ఉన్న ఈ-వేస్ట్ వాళ్ళకి నేనే అప్పగిస్తాను. పగిలినవైతే గట్టి డబ్బాలో వేసి మూత బిగించండి. ఆమెకి చదువు రాదు, కాబట్టి డబ్బా మీద ఎర్ర రంగుతో అడ్డగీతలు గీయండి. ఆ గుర్తు ఆమెకి చెప్పి ఉంచాను.