అణుభస్మములో ముతక, మెత్తన
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రాజన్న సన్నిధిలోనున్న ఈ వేములవాడలో అణుభస్మమును గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోపవచ్చును. నేను గ్రామపు లెక్కలు వ్రాయువాడను, శాస్త్రజ్ఞుడను గాను. కాని ఈ విషయము మూలమున లెక్కయే. గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించిన భాష మనది, లెక్కకు వెరవనక్కరలేదు.

గవాక్షమునుండి పడిన ఎండలో తేలియాడు నలుసును మన పూర్వులు త్రసరేణువనిరి. కంటికి ఆనునంతటి ధూళిలో అదియే మిక్కిలి సన్ననిదని వారి కొలత. నేటి ముచ్చట ఆ కొలతకు పైనను క్రిందను గల ధూళిని గూర్చినది.

1954 మార్చి 1న అమెరికావారు పసిఫిక్ మహాసముద్రములోని బికినీ దీవులలో బ్రావో అను ఉదజని బాంబును పేల్చిరి. దాని బలము 15 మెగాటన్నులు. వారు ఊహించినదానికి రెండింతలకు మించినది. ఆ నేల పగడపురాతిది. సున్నపు బట్టీలో రాయి కాలినట్లు అది కాలి, తెల్లని పొడియై ఆకాశమునకెగసెను. కొన్ని గంటలకు ఆ పొడి ఒక జపాను చేపల ఓడలోని 23 మందిపై రాలెను. జపానువారు దానిని మృత్యుభస్మమనిరి. ఆ 23 మందిలో కుబొయామా అనునతడు సెప్టెంబరులో మరణించెను. రోంగెలాప్ దీవిలో పిల్లలు ఆ తెల్లపొడిలో ఆడుకొనిరి. రెండు దినములు గడచినగాని వారిని అచటినుండి తరలింపలేదు.

ఆ పొడిలోని విషము అన్ని రేణువులలో సమముగా నుండునా? ఉండదు. బాంబులో పుట్టిన ధాతువులలో జిర్కోనియము, సీరియము వంటివి వేడి కొంచెము తగ్గగనే గడ్డకట్టును. అప్పటికి మన్ను ఇంకను కరిగిన బొట్టుగనే యుండును గనుక అవి బొట్టు లోపలంతట కలిసిపోవును. స్ట్రాన్షియము 90, సీసియము 137 అట్టివి కావు. మొదటిదానికి పూర్వరూపము క్రిప్టాను వాయువు, రెండవదానికి జినాను వాయువు. ఆ క్రిప్టాను సగము తరుగుటకు సుమారు అర నిమిషము, జినానుకు దాదాపు 4 నిమిషములు పట్టును. అంతలో బొట్లు గట్టిపడును. ముతకవి మేఘమును విడిచి దిగనారంభించును. కావున ఈ ధాతువులు మిగిలిన సన్నని రేణువులపై పూతగా అంటుకొనును.

శేరు బియ్యమునకు పట్టు పసుపుకన్న శేరు నూకలకు పట్టు పసుపెక్కువ. (నూకలతో అక్షతలు కలుపరాదు; లెక్కకై చెప్పితిని.) పిండిలోనే పసుపు కలిపి ఉండలు చేసినచో, చిన్నవైనను పెద్దవైనను తూకమునకు సమానమే. వ్యాసమును పదవవంతు చేసిన ఒక గుండునకు బదులు వేయి గుండ్లు వచ్చును. వాని పైభాగము మొత్తము పదింతలగును. కావున పూతగానున్న విషము తూకమునకు తూకము పదింతలు. అయినను ఒక్కొక్క రేణువును విడిగా చూచిన పెద్దదానిలోనే ఎక్కువ: లోపల నిండినదైనచో వేయింతలు, పూతయైనచో నూరింతలు. ఈ రెండు లెక్కలను కలగాపులగము చేసికొని వాదులాడువారు పెక్కురు.

ఇక కళ్లములో తూర్పారబట్టు రైతునకు మిగిలినది చెప్పనక్కరలేదు. గట్టిగింజ కాళ్లకడ పడును, తాలు అవతల పడును, నుసి గాలిబారిన పోవును. ముతక భస్మము ఒక దినములోపల సమీపముననే రాలును. మెత్తనిది మీది వాయుమండలమునకెక్కి నెలలు, ఏండ్లు తిరిగి వానతో దిగును. అందుచేత పేలిన చోటి బూడిదలో స్ట్రాన్షియము పాలు తక్కువ, దూరదేశముల వానలో పాలు ఎక్కువ! సున్నముతో చుట్టరికము గల ఆ ధాతువు గడ్డిలోనికి, గడ్డినుండి ఆవు పాలలోనికి, పాలనుండి పసిపిల్లల ఎముకలలోనికి చేరును. పేల్చినవాని ఊరొకటి, అనుభవించువాని ఊరొకటి. 1954 ఏప్రిల్ 2న నెహ్రూగారు పరీక్షలను నిలుపుడని పార్లమెంటులో కోరినప్పుడు, మనకేల ఈ జోలియన్నవారికి ఈ నుసియే సమాధానము.

1986లో చెర్నోబిల్ కేంద్రము పేలినప్పుడును ఇట్లే జరిగెను. బరువు రేణువులు చుట్టుపట్ల రాలగా, సీసియము స్వీడను దాక పోయెను.

భూమిపైనను, నీటిలోనను, ఆకాశమునను పరీక్షలు కూడవను ఒడంబడికపై 1963 ఆగస్టు 8న మన దేశము సంతకము చేసెను. చేయనివారును కొందరుండిరి, ఆకాశమున కడపటి పరీక్ష 1980లో చైనాది. స్ట్రాన్షియము సగమగుటకు సుమారు 29 ఏండ్లు పట్టును గనుక 1963లో దిగినదానిలో నాల్గవవంతునకు లోపుగా నేటికిని మిగిలియున్నది. ఆ పద్దు ఇంకను కొట్టివేయబడలేదు.