సలహా అడగడం భిక్ష కాదు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనే వాళ్ళము, వకీళ్ళము కాము. అయినా పనిచేసే చోట వచ్చే చిక్కుల గురించి మాట్లాడటానికి కారణం ఉన్నది. బడి వదిలిన తర్వాత పిల్లల తండ్రులు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, "మాస్టర్ సాబ్, ఇందులో ఏం రాసిండ్రు?" అని అడుగుతారు. అది తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మనలో చాలామంది చదివింది ఉర్దూ. విచారించవలసిన సంగతి ఏమంటే, కింద సంతకం అప్పటికే అయిపోయి ఉంటుంది.

1920లో కంపెనీగా ఏర్పడిన సింగరేణిలో పర్మినెంటు కార్మికునికి చెప్పుకొనే చోటు ఉన్నది. యూనియన్ ఉన్నది, బావి మీద వెల్ఫేర్ ఆఫీసరు ఉన్నాడు. కాంట్రాక్టరు కింద మట్టి తీసేవాడు, బొగ్గు లారీ నడిపేవాడు, ఆఫీసులు ఊడ్చే అమ్మ, వీళ్ళ సంగతి ఏమిటి? "రేపటి నుంచి రావద్దు" అన్న ఒక్క మాటతో పొయ్యి ఆరిపోతుంది. అప్పుడు పైరవీకారు ఇంటికి పోయి, అప్పు చేసి, అతని చేతిలో డబ్బు పెడతారు.

ఆ డబ్బు పెట్టనక్కరలేదని చెప్పడానికే మేము లేచి నిలబడినాము. పేదవానికి ఉచితంగా న్యాయ సహాయం అందించాలని 1976లో రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేర్చినారు. దాని కోసం 1987లో న్యాయ సేవల సంస్థల చట్టం వచ్చి, 1995 నవంబరు 9 నుండి అమలయింది. దాని 12వ సెక్షనులో పారిశ్రామిక కార్మికుని పేరు విడిగా ఉన్నది. అతని ఆదాయం ఎంత అని చూడరు. స్త్రీలకు కూడా అంతే. సలహా, దరఖాస్తు వ్రాయడం, వకీలు ఫీజు, కోర్టు ఖర్చు అన్నీ ఉచితం. గోదావరిఖని కోర్టులోని న్యాయ సేవా కమిటీలో తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. పోలేనివారు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇది ఖైరాత్ కాదు, హక్కు.

ఏ పనికి ఏ ఆఫీసో తెలియక కూడా మనవాళ్ళు తిరిగి తిరిగి అలసిపోతున్నారు. బొగ్గు గనుల తగాదాలు చూసేది కేంద్ర ప్రభుత్వ కార్మిక శాఖ అధికారులు, రాష్ట్ర లేబరు ఆఫీసు కాదు. గనులలో పీఎఫ్ అంటే బొగ్గు గనుల భవిష్య నిధి. దాని ప్రాంతీయ కార్యాలయం మన గోదావరిఖనిలోనే ఉన్నది. గనులలో పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు కూడా అది వర్తిస్తుంది.

గడువు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పనిలోంచి తీసివేసినప్పుడు తగాదా లేవనెత్తడానికి పాత చట్టంలో మూడేళ్ళు ఉండేది. 2025 నవంబరు 21 నుండి అమలయిన కొత్త కార్మిక చట్టంలో అది రెండేళ్ళే. "చూద్దాంలే, మళ్ళీ పిలుస్తాడేమో" అని కూర్చుంటే దారి మూసుకొని పోతుంది. ఉద్యోగపు ఉత్తరం, జీతపు చీటీ, గేటు పాసు, పీఎఫ్ నంబరు, ఈ నాలుగూ ఇంట్లో ఒక సంచిలో ఉండాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు, వేలిముద్ర వేయవద్దు. ఇచ్చిన ప్రతి అర్జీ నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి.

ఇక మనలో మనం మెల్లగా అనుకొనే మాట ఒకటి ఉన్నది. "కాంట్రాక్టరు మనవాడే, మసీదుకు చందా ఇస్తాడు, అతని మీద ఎట్లా చెప్తాం భాయి?" అని. చందా ఇచ్చేది పుణ్యమే. అయితే కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని మన ప్రవక్త (స) బోధించినారు. చందా ఇచ్చినంత మాత్రాన ఆ బాకీ తీరదు. నమాజులో ఒకే వరుసలో నిలబడే ఇద్దరి మధ్య లెక్క సరిగా ఉండటం ఇద్దరికీ మంచిదే. కనుక మొదట మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే చట్టం దగ్గరకు పోండి. అది శత్రుత్వం కాదు.

ఖురాన్ షరీఫులో బఖరా సూరా అప్పు లావాదేవీలను వ్రాసి పెట్టుకోమంటుంది. వ్రాయడం వచ్చినవాడు వ్రాయనని అనరాదని కూడా అంటుంది. ఈ రెండవ ఆజ్ఞ మా వంటి మాస్టర్లకు, చదువుకొన్న మన యువకులకు చెప్పినదే. అందుచేత సొసైటీవారికి మా మనవి ఒక్కటే. ప్రతి ఆదివారం జొహర్ నమాజు తర్వాత రెండు గంటలు సొసైటీ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయండి. మేము కూర్చుంటాము. కాగితం చదివి ఉర్దూలో చెప్తాము, అర్జీ వ్రాసి పెడతాము, ఏ ఆఫీసుకు పోవాలో చూపిస్తాము. తీర్పులు చెప్పము, పైసా తీసుకోము. తెలుగు చదవలేని హిందూ సోదరుడు వచ్చినా ఇదే పద్ధతి.

సంతకం పెట్టిన తర్వాత కాదు, పెట్టకముందే మా దగ్గరకు రండి. అల్లాహ్ మన అందరి కష్టార్జితంలో బర్కత్ ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.