సారథి లేని రథము



రథమెంత గొప్పదైనను దాని క్షేమము సారథి చేతిలో నున్నది. నేడు సారథి లేకయే నడచు కారులు వచ్చినవి. అమెరికాలోని ఫీనిక్స్ నగరమున వేమో సంస్థవారి కారులు 2020వ సంవత్సరము నుండి, చక్రము పట్టువాడు లేకయే, సామాన్యజనమును గొనిపోవుచున్నవి. సారథి లేడనుట పైచూపునకు మాత్రమే. కెమేరాలు, రాడారులు వాని కన్నులు. కంప్యూటరులో వ్రాసియుంచిన సాఫ్ట్‌వేరే సారథి. ఆ సారథి పరులకు వశుడైనచో నేమగును? వానిని పోషించువారు లేకపోయినచో నేమగును? ఈ రెండే నేటి ప్రశ్నలు.

కర్ణునకు శల్యుడు సారథి. పగ్గములు కర్ణుని రథమువి, మాట ధర్మరాజునకిచ్చినది. తేజోవధ జరిగినది. 2015లో మిల్లర్, వాలసెక్ అను నిరువురు పరిశోధకులు, సెయింట్ లూయిస్ చెంత రాజమార్గమున పోవుచున్న జీప్ చెరోకీ కారును ఇంట గూర్చుండియే వశపఱచుకొనిరి. అందున్న పత్రికావిలేఖకుడు పరీక్షకు ముందే యంగీకరించినవాడు. అతడెంత త్రొక్కినను కారు వేగము పుంజుకొనలేదు. పాటలు వినిపించు యంత్రమునకు గల సెల్‌ఫోను సంబంధమే వారికి దొడ్డిదారి యైనది. తయారుచేసినవారు 14 లక్షల బండ్లను సవరణకై వెనుకకు పిలిచిరి. అది మనుష్యుడు నడుపు బండి. మనుష్యుడే లేనిచోట నీ ప్రమాదమెంత పెద్దదో యోచింపుడు.

ఇక రెండవది. యుద్ధాంతమున కృష్ణుడు దిగినంతనే యర్జునుని రథము భస్మమైనది. 2024 జూన్‌లో ఫిస్కర్ అను కారుల సంస్థ దివాలా తీసినది. ఇనుము తుప్పు పట్టలేదు, చక్రములు విఱుగలేదు. కాని సాఫ్ట్‌వేరును సవరించు దిక్కెవరని కొనినవారు సంఘముగా గూడవలసివచ్చెను. అమెరికా రోడ్లపై కారుల సగటు వయస్సు పండ్రెండేండ్లు దాటినది. ఫోను మూడేండ్లకు పాతబడినచో మూల బెట్టుదుము, కారును బెట్టగలమా?

ఐక్యరాజ్యసమితి పక్షమున 155, 156 సంఖ్యలు గల నిబంధనలు 2021లో అమలునకు వచ్చినవి. మొదటిది కారులను చొరబాటు నుండి కాపాడుటకు, రెండవది సాఫ్ట్‌వేరు సవరణలను క్రమపఱచుటకు. ఇవి మేలైనవే. అయినను నాకు రెండు మాటలు తోచుచున్నవి. ఏ సంవత్సరము వఱకు సవరింతురో అమ్మునాడే వ్రాసి యీయవలెను. సంస్థ మూతపడినచో నా వ్రాతప్రతియు, దాని తాళములును నమ్మకమైన వేఱొకరి చేత నుండునట్లు ముందే యేర్పాటు చేయవలెను.

తాళపత్రములతో జీవితము గడపినవాడను. లేఖకదోషము లేని ప్రతిని నేనింతవఱకు చూడలేదు. దోషముండుట నేరము కాదు. దిద్దువాడు లేకుండుటయే యాపద. గ్రంథమున తప్పున్నచో నర్థము చెడును. సారథియైన గ్రంథమున తప్పున్నచో ప్రాణము పోవును. కావున బండి కొనువారు దాని వేగమును గూర్చి గాక, దానిని దిద్దువాడెన్నాళ్లుండునని మొదట నడుగుదురు గాక.