బొమ్మలలోని పసుపు - బంగారుపాము



హైదరాబాదున ఆబిడ్సులో ఆదివారమునాడు మూసిన అంగళ్ల ముందు, కాలిబాటపై పాత పుస్తకములు పరచి యమ్ముట చిరకాలపు వాడుక. పుస్తకప్రియులు వెదకువానిలో వెనుకటి ప్రకృతిశాస్త్ర చిత్రములును గలవు. ఆనాడు బొమ్మను రాగిరేకుపై చెక్కి, నల్లసిరాతో అచ్చొత్తి, ప్రతి ప్రతికిని చేతితో రంగు వేయుచుండిరి. పసుపు వన్నెకు తఱచుగా చెట్లనుండి తీసిన రంగులే వాడుటచే నది వెలుతురునకు వెలిసిపోవును. నీలముతో కలిపిన పసుపు పోగా, పచ్చని యాకులు నీలముగా మిగులుటయు గలదు.

అంతకంటె గట్టిది పేరు. విశాఖపట్టణమున నుండిన ప్యాట్రిక్ రస్సెల్ దొర కోరమాండల్ తీరపు సర్పములను గూర్చి సచిత్ర గ్రంథమును 1796లో వెలువరించెను. నలుపు పసుపు పట్టెలుగల కట్లపామును అందు ‘బంగారుపాము’ అను మన పేరుతోనే చేర్చెను. 1803లో ఫ్రాన్సు పండితుడు దోదిన్ ఆ బంగారమునే గైకొని కట్లపాముల ప్రజాతికి ‘బంగారస్’ అని నామకరణము చేసెను. నేటికిని లోకమందలి శాస్త్రజ్ఞులు కట్లపామును తెలుగుమాటతోనే పిలుచుచున్నారు. ఇది మనవారిలో ఎందఱెఱుగుదురు?

పాత గ్రంథములను విడదీసి బొమ్మలను వేఱుగా అమ్ముట వ్యాపారమున గలదు. బొమ్మ గోడకెక్కును; వివరణ పుట చిత్తుకాగితమగును. దస్తరములో నొక కాగితము చింపిన లెక్క యెట్లు తేలును?

ఆబిడ్సునకు దాపుననే నాంపల్లి తోటలో 1985లో తెలుగు విశ్వవిద్యాలయము వెలసెను. మాటలు కూర్చువారు ఇట్టి గ్రంథములను గూడ తిరుగవేయవలెను. రస్సెల్ పుటలలో జెఱ్ఱిపోతు సయితము ఆంగ్లలిపిలో, తెలుగు పేరుతోనే యున్నది.