మడమ విరిగిన రైతుకు దిక్కెవరు?
(సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ధరల మీద, అప్పుల మీద మాట్లాడుకుంటున్నాం. కాసేపు మడమ గురించి మాట్లాడదాం. నవ్వకండి. తాటిచెట్టు మీద మోకు జారినా, కొబ్బరి దింపులో పట్టు తప్పినా, గడ్డివాము మీంచి పడినా చాలాసార్లు మనిషి కాళ్ల మీదే పడతాడు. ఒంటి బరువంతా మడమకు దిగుతుంది. పైనున్న చీలమండ ఎముక మేకులా దిగబడి మడమ ఎముకను గుడ్డు పెంకులా పగలగొడుతుంది.

ఇలా పడినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి వెన్నుపూస కూడా విరుగుతుంది. కాలి బాధలో నడుం నొప్పి తెలియకపోవచ్చు. కనుక లేపి నడిపించొద్దు. నడుమూ, రెండో మడమా కూడా చూడమని డాక్టరును అడగండి.

మన ఊళ్లలో ముందు నాటు కట్టుకు పోవడం అలవాటు. ఆ వైద్యులను కించపరచడం మా ఉద్దేశం కాదు. కానీ మడమ విపరీతంగా వాస్తుంది. ఆ వాపు మీద బిగించి కడితే రక్తం ఆడక చర్మం నల్లబడుతుంది. కీలు లోపల ముక్కలు ఎలా చెదిరాయో చేతికి తెలియదు, సీటీ స్కాన్‌లోనే కనపడుతుంది.

ఆసుపత్రిలో చేర్చాక మనవాళ్లకు వచ్చే మొదటి కోపం, వారమైనా ఆపరేషన్ చేయలేదేమని. అక్కడ మడమ చర్మం పలచన, కింద కండ లేదు. వాపులో కోస్తే గాయం మానదు. వాపు దిగి చర్మం మీద ముడతలు కనపడేదాకా, ఒకటి రెండు వారాలు, కాలు ఎత్తున పెట్టి ఆగుతారు. ఎముక చర్మాన్ని చీల్చినా, లోపలి నుంచి పొడుస్తున్నా మాత్రం ఆగకూడదు. తర్వాత మడమ బయటి పక్క కోసి ముక్కలు చేర్చి ప్లేటు, స్క్రూలు బిగిస్తారు.

అందరికీ కోత అవసరమా? 2014లో బ్రిటన్ డాక్టర్లు 151 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వెల్లడించారు. రెండేళ్ల తర్వాత ఆపరేషన్ అయినవాళ్లకూ కానివాళ్లకూ నొప్పిలో, నడకలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చికిత్స వల్ల వచ్చిన ఇబ్బందులు మాత్రం కోసినవాళ్లలో 23 శాతం, కోయనివాళ్లలో 4 శాతం. మడమ బాగా వంకరపోయినవాళ్లను అందులో చేర్చలేదు కాబట్టి ఆపరేషన్ వద్దని దీనర్థం కాదు. "కోయకపోతే నాకేమవుతుంది?" అని అడగడం మన హక్కు. షుగరు ఉంటే దాచొద్దు. బీడీ తాగేవాడి గాయం సరిగా మానదు, మానేదాకా అయినా ఆపాలి.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలవుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాలు కాలు నేల మోపకూడదు. మృగశిరలో పడినవాడు కాలు మోపేసరికి పుబ్బ వస్తుంది. నాట్లు ఎవరు వేయించాలి, కలుపు ఎవరు తీయించాలి? ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది, వాళ్ల పనికి లెక్కే ఉండదు. ఎముక అతుక్కున్నాకా మడమ కింది కీలు బిగుసుకుంటుంది. తారు రోడ్డు మీద బాగానే నడుస్తాడు, గట్టు మీద, దుక్కిలో తూలతాడు. నొప్పి ఏడాది, రెండేళ్ల దాకా కొద్దికొద్దిగా తగ్గుతూ ఉంటుంది. చాలామంది మళ్లీ చెట్టెక్కలేరు.

మరి ప్రభుత్వం ఏమిస్తోంది? తెలంగాణలో 2018 నుంచి ఉన్న రైతుబీమా, రైతు చనిపోతే 5 లక్షలు ఇస్తుంది. బతికి మంచాన పడితే పైసా లేదు. పట్టా లేని కౌలుదారుకు అదీ లేదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమాలో ఒక పాదం శాశ్వతంగా పోతేనే లక్ష, విరిగితే లేదు. గీత కార్మికులకు 2024లో కాటమయ్య రక్షణ కవచం కిట్లు మొదలయ్యాయి, మంచిదే. పని చేయలేని రోజులకు పరిహారం కూడా ఇవ్వాలని, కౌలు రైతులకూ వర్తింపజేయాలని మన తీర్మానంలో పెట్టాం.

ఇంకో మాట. సీటీ ఫిల్ములు, డిశ్చార్జి కాగితం పారేయకండి. కాలు బాగుపడక సదరం శిబిరానికి వెళ్లాల్సి వస్తే అవి కావాలి. మీ ఊళ్లో ఎవరైనా అలా మంచాన ఉంటే పేరు ఇవాళే గ్రామ కమిటీకి రాయించండి.